చుక్క పెట్టిన తోట

తెరలమామ పోయాడన్న కబురు నాకు మొన్న బడి గేటు దగ్గర తెలిసింది. ముందు రాత్రి పొరుగూళ్ళో ఉండిపోయి నేరుగా బడికే వచ్చాను, అందుకే పక్కింటి సంగతి నాకు చేరలేదు. పూలతోట సాయిబు సైకిలు దిగి, హ్యాండిలుకు తగిలించిన బుట్టను సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. బుట్టలో రోజూ అమ్మకానికి తెచ్చే మాలలు లేవు. విడి గులాబీలు నిండుగా ఉన్నాయి. "అయ్యవారూ, మామ తెల్లారుజామున కన్ను మూసినాడంట. నేను ఆడికే పోతాండా. మీరు గూడా రాండి" అన్నాడు. పిల్లలను పక్క తరగతి అయ్యవారికి అప్పగించి సైకిలు వెనక ఎక్కాను. మలుపు దగ్గర సాయిబు ఉన్నట్టుండి, "ఎద్దుల్ని శానా బాగా రాసినాడప్పా" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎందుకో చెబుతాను.

తెరలమామ నాటకాలకు తెరలు రాసేవాడు. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, తోట తెర. కర్నూలు చుట్టుపక్కల ఏ తిరునాళ్లలో పౌరాణిక నాటకం ఆడినా వెనక వేలాడేది ఆయన చేతిపనే. ఆయన తెరలను చూడనివాళ్ళు ఈ పక్క లేరు. ఆయన్ను చూసినవాళ్ళే తక్కువ. రంగం మీద దీపాలు వెలిగే వేళకు ఆయన పక్కన ఎక్కడో తాడు పట్టుకుని చీకట్లో నిలబడి ఉండేవాడు.

మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. వరసకు ఏమీ కాడు గానీ వీధి మొత్తానికి మామ. నేను బడిలో అయ్యవారిని, తిరునాళ్లలో రాణిని. మా నాటక సమాజంలో ఆడవేషాలన్నీ నావే. శివరాత్రి దగ్గర పడుతోందంటే నా మీసం పోయేది, మా ఆవిడ పెదవి విరిచేది, తెరలమామ గోడ మీదుగా తల పెట్టి, "ఏమప్పా రాణీ, ముఖం కడుక్కున్యావా?" అనేవాడు. మిగతా రోజుల్లో కూడా ఆ పిలుపు మానలేదు. నాకు కొడుకు పుట్టిన రోజున కూడా "రాణికి రాజకుమారుడు" అని వీధంతా చాటి వచ్చాడు.

కుంచెను ఎడమ భుజం మీది తువ్వాలుకు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఆ తువ్వాలు అసలు రంగు ఏదో ఆయనకే తెలియదు. దాన్ని ఉతకాలంటే ఆయన భార్యకు, అంటే మా అందరి అత్తకు, భయం. "నీళ్ళలో ముంచితే సగం అడవి కొట్టుకపోతాది" అనేది. ఆయన రాసేటప్పుడు ఎవరైనా దగ్గరికి వచ్చి తొంగి చూస్తే కోపం వచ్చేది. "దూరం పోయి సూడప్పా. తెరను దగ్గిర నుంచి సూసేవి ఎలకలే" అని తరిమేవాడు. ఆ మాట మా సమాజంలో సామెత అయిపోయింది. ఇప్పటికీ ఎవరి వేషానికైనా ఎవరైనా వంకలు పెడితే, "ఎలక వచ్చిందిరోయ్" అంటాం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల సంగతి ఇది. ఊరి నిండా ఆఫీసుల డేరాలు, జీపులు, మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగస్థులు. ఆ ఏడు శివరాత్రి నాటకానికి వాళ్ళు కూడా వస్తారని మా సమాజం పెద్దకు ఒకటే హడావుడి. ఆయనది బట్టల దుకాణం. ఒక సాయంత్రం తెరలమామను అరుగు మీద కూర్చోబెట్టి మెల్లగా విషయం ఎత్తాడు.

"మామా, నీ తోట తెర ముప్పై ఏండ్ల నుంచి సూస్తాండాం. అదే కొలను, అవే హంసలు, నీళ్ళు చిమ్మే అదే రాతి బొమ్మ. మన పక్క హంసను కండ్లతో సూసినోడు ఎవురప్పా? ఈసారి కొత్త తోట కావల్ల. నీకు ఓపిక లేకుంటే చెప్పు, తప్పు లేదు. బళ్ళారి నుంచి తెప్పిస్తా."

మామ "రాస్తాలే" అన్నాడు గానీ ముఖం చిన్నబోయింది. ఇంటికి వచ్చి కొత్త ముతక గాడా గుడ్డను గోడకు బిగించి, దాని ముందు రోజుల తరబడి నిలబడ్డాడు. ఒక పొద్దున గోడ మీదుగా నన్ను పిలిచాడు. ఆ రోజు రాణీ అనలేదు.

"అప్పా, చెయ్యి నా మాట వినడం లేదు. చెట్టు గీద్దామని బొగ్గు పట్టుకుంటే హంస మెడ వస్తాండాది. బళ్ళారి తెర ఒక్కసారి ఈడికి వచ్చిందంటే ఇంక నన్ను పిలిచేటోళ్ళు ఉండరు. తెరలు రాయకుండా నేనేం చేసేది? గోడలకు సున్నం కొట్టేదా?"

లోపల రొట్టెలు తడుతున్న అత్తే జవాబిచ్చింది. "ఇంట్లో కూకోని తోట తోట అంటే యాడ నుంచి వస్తాది? కాలవ పక్కన అన్ని తోటలుండాయి గదా, పోయి సూసిరాపోండి. రాణెమ్మను గూడా పిలుచుకపో, నీడపట్టున ఉండీ ఉండీ తెల్లబడినాడు."

అలా బయలుదేరాం. ఆదివారం, మాఘమాసపు చలి ఇంకా పోలేదు. మామ ఒక పలక చెక్క, దానికి బిగించిన పెద్ద కాగితాలు, బొగ్గులు, రంగు బలపాలు సంచిలో వేసుకున్నాడు. అత్త జొన్నరొట్టెలు మూట కట్టబోతే, "తోటలకు పోతా సద్ది ఎత్తుకపోతే తోటోళ్ళను తిట్టినట్లే" అని వద్దన్నాడు. నందికొట్కూరు దారిలో సంత నుంచి ఖాళీగా వెళ్తున్న ఎద్దులబండి ఆయన మమ్మల్ని ఎక్కించుకున్నాడు. దారికి ఒక పక్క నల్లరేగడి, కోసేసిన జొన్న మొదళ్ళు, దూరంగా తుమ్మచెట్లు. కాలవ గట్టు ఎక్కేసరికి ఒక్కసారిగా పచ్చదనం. మామ బండిలోనే లేచి నిలబడ్డాడు. "ముప్పై ఏండ్లు ఈ పచ్చ పక్కన పెట్టుకోని ఆ హంసలెంట పడితినే!" అని పకపకా నవ్వాడు. బండాయన మమ్మల్ని తేరిపార చూసి, దించేటప్పుడు జాగ్రత్తగా దించాడు.

మొదట జామతోట. ఆ తోట ఒక అవ్వది. మేము ఎవరమో, ఎందుకొచ్చామో అడగకముందే, "ఎండలో వచ్చినారు, తినండి ముందు" అని కాయలు కోసి పెట్టింది. లోపల ఎర్రగా ఉండే కాయలు. తోటలో ఎంత తిన్నా అడిగేవాళ్ళు లేరు, మూట కట్టుకుపోతేనే తప్పు అని మా పక్క ఒక మాట ఉంది. ఆ మాటను నేను పూర్తిగా వాడుకున్నాను. తింటుంటే అవ్వ నా చేతులను చూసి, "నువ్వు ఏం పని చేస్తావు నాయనా?" అంది. మామ అందుకుని, "ఆయప్ప రాణి అవ్వా" అన్నాడు. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, "అట్లనా, తినాల మరి" అని ఇంకో కాయ ఇచ్చింది.

మామ అప్పటికే ఒక ముసలి జామచెట్టు ముందు చతికిలబడ్డాడు. వంగిన కొమ్మ, పొట్టు లేచిన బెరడు, ఆకుల్లో దాక్కున్న కాయలు. ఆయన చేతిలో హంస మెడ రాలేదు. చెట్టే వచ్చింది. నేను కాయ నమలడం ఆపి చూస్తూ ఉండిపోయాను. అవ్వ కూడా వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది. ఎలకల సామెత వస్తుందని నేను ఎదురుచూశాను గానీ అవ్వే ముందు అరిచింది.

"ఎంత పని చేసినావప్పా! కాయ వదలకుండా అంతా గీసి పెట్టినావే! ఇది పదిమంది సూస్తే నా చెట్టుకు దిష్టి తగలదా? చుక్క పెట్టు, చుక్క!"

"బొమ్మ మీద మరక యాడన్నా పెడతారా అవ్వా?" అన్నాడు మామ, కాగితాన్ని ఎదకు హత్తుకుని.

"బిడ్డకు నీళ్ళు పోసి, పౌడరు పూసి, బుగ్గ మీద మరక ఏంటికి పెడతారు మరి?"

అవ్వ జవాబు కోసం ఆగలేదు. గుడిసె ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద సంగటి కుండ ఉంది. దాని అడుగున బొటనవేలు రుద్ది, వచ్చి, గీసిన చెట్టు మొదట్లో నొక్కింది. నల్లటి చుక్క, ఇంత బొట్టంత. "ఇప్పుడు ఎవురికన్నా సూపించుకో పో" అంది.

ముప్పై ఏండ్లుగా తన పనిని ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి. కోప్పడతాడని భయపడ్డాను. ఆయన కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"అప్పా, నా హంసలకు దిష్టి తగుల్తాదని ఎవురన్నా భయపడినారా ఇన్నేండ్లల్లో?"

ఆ మాట ఆయన బాధగా అనలేదు. పెద్ద బరువు దించుకున్నట్టు అన్నాడు. ఆ రోజంతా ఆయన హుషారును పట్టుకోలేకపోయాను.

రెండోది సాయిబు పూలతోట. గులాబీలు, చేమంతులు, కనకాంబరాలు, మధ్యలో మోటబావి. సాయిబు మాకు చాయ్ పోయించి, మంచం వాల్చి, తన చెట్లన్నింటినీ చుట్టాల్లా పేరుపేరునా పరిచయం చేశాడు. మామ గులాబీ మొక్కను గీసి, ఎవరూ అడగకముందే మూలన చుక్క పెట్టాడు. సాయిబు చూసి మురిసిపోయాడు. "నజర్‌కా? బాగా చేసినావ్ మామా. మా అమ్మ గూడా ఇట్లనే కాటుక పెడతాండె." ఆ తర్వాత గొంతు తగ్గించి, "అది సరే గానీ, నా కోడెలు ఏం పాపం చేసినాయి?" అన్నాడు. మోట లాగుతున్న జత కోడెలు అవి, కొమ్ములకు పసుపు రాసి ఉన్నాయి.

"ఇది రాజు తోట సాయిబూ. రాణి షికారుకు వచ్చే తోట. ఆడ ఎద్దులేంటికి?" అన్నాడు మామ.

"రాజు తోటకు నీళ్ళు ఎవురు తోడతారు మరి? రాణీనా?" అని సాయిబు నన్ను చూపించాడు.

నేను వెంటనే ఎద్దుల పక్షం వహించాను. మామ నవ్వి నవ్వి దగ్గొచ్చి, కళ్ళు తుడుచుకుని, బావినీ మోటనూ ఎద్దులనూ గీశాడు. సాయిబు ఏ ఎద్దు ఏదో ఆనవాలు పట్టి, రెండింటికీ వేరువేరు చుక్కలు పెట్టించుకున్నాడు.

ఎండ వాలేముందు ఆకుతోటకు చేరాం. తమలపాకు తీగలు అవిసె చెట్లను పట్టుకుని పైకి పాకుతున్నాయి. లోపల చల్లగా, సగం చీకటిగా ఉంది. తమలపాకు తోటను లక్ష్మి అంటారు. చెప్పులతో అడుగు పెట్టనివ్వరు, గట్టిగా అరవనివ్వరు. తోటాయన మమ్మల్ని ఆపి చెప్పులు విప్పించి, కాళ్ళు కడుక్కోమని నీళ్ళు ఇచ్చాడు. మెల్లగా మాట్లాడటం తెరలమామకు పుట్టుకతో రాదు. లోపలున్నంతసేపూ ఆయన గుసగుసగా మాట్లాడదామని పడిన పాట్లు చూసి తోటాయనే నవ్వాపుకోలేక, "పోనీలే పెద్దాయనా, అరుసుకో, ఆకులకు గూడా పొద్దుపోవల్ల గదా" అన్నాడు. వక్క, సున్నం, లేత ఆకు చుట్టి ఇద్దరి నోళ్ళలో పెట్టాడు. ఆ పచ్చ రంగు బలపాల్లో దొరకలేదు. మామ పచ్చా పసుపూ కలిపి, వేలితో రుద్ది, మళ్ళీ రుద్ది, దొరికిందనుకున్నప్పుడు ఆకును పక్కన పెట్టి చూసుకుని చిన్నపిల్లాడిలా కాళ్ళాడించాడు. నోరూ వేళ్ళూ తువ్వాలూ ఏది ఏ రంగో తెలియకుండా ఉన్నాడు. చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయి కాలవ గట్టు దాకా వచ్చేశాడు. తోటాయన వాటిని చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇంకో చేతిలో మాకోసం కట్టిన ఆకుల కట్ట ఉంది.

మూట కట్టుకుపోకూడదన్న కట్టుబాటును ఆ రోజు తోటలవాళ్ళే తప్పారు. ఇంటికి వచ్చేసరికి మా సంచిలో జామకాయలు, మెడలో కనకాంబరాలు, చంకలో తమలపాకులు. అత్త గడపలో నిలబడి, "తోటలు సూడను పోయినారా, పెండ్లి చేసుకోని వచ్చినారా?" అంది. ఆ రాత్రికల్లా వీధిలో జామకాయ అందని ఇల్లు లేదు.

తెర రాయడం మొదలుపెట్టాక మామ నిద్ర, తిండి మరిచాడు. ముందు అవ్వ జామచెట్టు, పక్కన సాయిబు గులాబీలు, వెనక మోటబావి, ఎద్దులు, అంచుల్లో పందిరిలా తమలపాకు తీగలు. కొలను లేదు, హంస లేదు. సమాజం పెద్ద వచ్చి చూశాడు. జామచెట్టు మొదట్లో చుక్క దగ్గర ఆయన చూపు ఆగింది.

"ఏమి మామా ఈ మరక? తుడుసు."

"అది మరక కాదప్పా, దిష్టి చుక్క. తుడవను. చుక్క లేకుండా ఈ తెర ఎత్తేది లేదు."

"పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తాండారు. ఎద్దులు సాలవన్నట్లు మరక గూడానా?"

"నచ్చకుంటే ఈ ఒక్క ఆటతో చుట్టి పెట్టు. ఆపైన బళ్ళారికి పో. నేను అడ్డం రాను."

అంతకుముందు ఆ పేరు వింటేనే చిన్నబోయిన మనిషి, ఆ మాట అన్నప్పుడు కుంచె తువ్వాలుకు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

తిరునాళ్లకు తోటలవాళ్ళంతా బండి కట్టుకుని వచ్చారు. పెట్రోమాక్సు దీపాల వెలుగులో తోట తెర దిగింది. నేను రాణి వేషంలో కొంగు సవరించుకుంటూ వచ్చి, రాగం తీస్తూ, అలవాటు ప్రకారం తెర వైపు చెయ్యి చాపి పువ్వు కోసినట్టు అభినయించాను. చెయ్యి సరిగ్గా జామకొమ్మ దగ్గరికి పోయింది. జనంలోంచి అవ్వ లేచి నిలబడింది.

"ఓయమ్మో, అది నా చెట్టు! అడక్కుండానే కోస్తాండావే!"

మరుక్షణం అవ్వ నన్ను గుర్తుపట్టింది. "ఓ, నువ్వా రాణీ! కోసుకో, కోసుకో" అంది. జనం విరగబడి నవ్వారు. సాయిబు లేచి ఎద్దులను చూపిస్తున్నాడు. ముందు వరుసలో ఉద్యోగస్థులు కుర్చీల్లో వెనక్కి తిరిగి, ఎవరిది ఏ చెట్టో తోటలవాళ్ళనే అడుగుతున్నారు. సమాజం పెద్ద ముఖం పాలిపోయింది. అంతలో ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. పద్యాలకు వన్స్ మోర్ కొట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. తెరకు కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. తెరను పైకి చుట్టి మళ్ళీ దించారు. నేను మళ్ళీ వచ్చాను. ఈసారి అవ్వ వైపు తిరిగి దండం పెట్టి, అడిగి కోశాను.

ఆ తర్వాత మా సమాజంలో ఎవరూ బళ్ళారి పేరెత్తలేదు. రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది, డేరాలు లేచిపోయాయి, ఆ తెర మాత్రం ఊరూరా తిరుగుతూనే ఉంది. మామ తర్వాత రాసిన ప్రతి తెరలోనూ ఎక్కడో ఒక చోట చుక్క ఉంటుంది. దర్బారులో సింహాసనం కాలి దగ్గర, అడవిలో పుట్ట పక్కన. రెండేళ్ళుగా ఆయనకు చూపు తగ్గింది. అయినా ఎప్పుడు కనిపించినా, "ఏమప్పా రాణీ, ఇంకోసారి తోటలకు పోదామా?" అనేవాడు. పోదాం మామా అనేవాణ్ణి. పోలేదు. అది ఇప్పుడు నన్ను పీకుతోంది గానీ, ఆ ఒక్క రోజే చాలదా అని కూడా అనిపిస్తోంది. అంత నిండైన రోజు నా బతుకులో మళ్ళీ రాలేదు.

మొన్న మేము చేరేసరికి వాకిట్లో ఎండ కాస్తోంది. మామకు నీళ్ళు పోసి, కొత్త గుడ్డ కప్పి పడుకోబెట్టారు. పందిరి వేసే టైము లేక, సమాజం పెద్ద తానే మనుషులను పంపి తోట తెర తెప్పించి, ఎండ పడే వైపున కట్టించాడు. జామచెట్టు నీడ అని చెప్పలేను గానీ, ఆయన మీద పడిన నీడ ఆ తెరదే. సాయిబు గులాబీలన్నీ చుట్టూ పేర్చాడు. అత్త ఆ రంగుల తువ్వాలును చేతిలో ముద్దగా పట్టుకుని, ఎవరు అడిగినా ఇవ్వకుండా కూర్చుని ఉంది.

అవ్వ ఆలస్యంగా వచ్చింది. కొంగులో కాసిన్ని పచ్చి జామకాయలు. అవి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, తెర దగ్గరికి పోయి, ముఖం ఆనించినంత దగ్గరగా చూసింది. ఎవరూ ఎలకల మాట అనలేదు. చుక్క ఉందని చూసుకుని తిరిగొచ్చి, మామ తల దగ్గర వెలుగుతున్న ప్రమిద పక్కన కూలబడింది.

"చెట్టుకు పెట్టినావు, పువ్వుకు పెట్టినావు, ఎద్దులకు గూడా పెట్టినావు" అంది. "నీకు పెట్టేది మేమందరం మరిసిపోతిమే సామీ."

ప్రమిద అంచున పట్టిన మసిలో బొటనవేలు రుద్ది, ఆయన బుగ్గ మీద చుక్క పెట్టింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ తుడవలేదు.

తుంగభద్ర ఒడ్డుకు మోసుకెళ్తుంటే నేను ముందు వైపు భుజం పట్టాను. తల తిప్పి చూసినప్పుడల్లా, గులాబీల మధ్య ఆ నల్లచుక్క కనిపిస్తూనే ఉంది.